జేబుకత్తిని రిపేరుకు కంపెనీకి పంపాలంటే: హైదరాబాద్ నుంచి అడుగడుగునా ఏం చేయాలి

కొన్నేళ్ల కిందట మా మామయ్య ఇచ్చిన మడత కత్తి స్ప్రింగు విరిగితే దాన్ని తయారుచేసిన కంపెనీకే పంపాను. "స్ప్రింగు విరిగింది, బాగు చేయగలరు" అని చీటీ మీద ఒక్క ముక్క రాసి పెట్టెలో పడేశాను. నెలన్నర తర్వాత పార్సిల్ వచ్చింది. విప్పితే అందులో కొత్త కత్తి తళతళలాడుతోంది. అన్నీ బాగానే పనిచేస్తున్నాయి. కానీ అది మామయ్య కత్తి కాదు. పిడి మీద ఆయన మేకుతో గీసుకున్న రెండక్షరాలు లేవు, ఇరవై ఏళ్ల చేతి నునుపు లేదు. పాతదాని గురించి అడిగితే, మార్చి ఇచ్చినప్పుడు పాత వస్తువు వెనక్కి పంపరని చెప్పారు. వారంటీ లెక్కలో అది సబబే. నాకు ఆ పాత కత్తే కావాలని నేనెక్కడా రాయలేదు.

అందుకే నిరుడు నాన్న స్విస్ కత్తికి (బ్లేడ్లతో పాటు చిన్న చిన్న పనిముట్లు ఒకే పిడిలోకి మడుచుకునే జేబుకత్తి) అవసరం పడినప్పుడు ప్రతి అడుగూ ముందే ఆలోచించుకుని వేశాను. అది ఆయన రిటైరైన రోజు తోటివాళ్లు పేరు చెక్కించి ఇచ్చిన విక్టోరినాక్స్ కంపెనీ హంట్స్‌మన్ మోడల్. ఈసారి నాన్న కత్తే తిరిగి వచ్చింది. ఏమేం చేశానో, ఎందుకు చేశానో అంతా రాస్తున్నాను.

మొదటి అడుగు: చెడింది ఏమిటో తేల్చుకోండి

పంపాల్సిన అవసరం లేని కత్తులను కూడా చాలామంది పంపేస్తుంటారు. కత్తి ఎలా తయారవుతుందో కాస్త తెలిస్తే ఆ ఖర్చు తప్పుతుంది.

స్విస్ కత్తిలో స్క్రూలు పెట్టి బిగించిన భాగాలు దాదాపు ఉండవు. బ్లేడ్లు, పనిముట్లు, వాటి వెనక స్ప్రింగులు, మధ్యలో పలచటి రేకులు, ఇవన్నీ పొరలు పొరలుగా పేర్చి సన్నటి కమ్మీలు (రివెట్లు) దూర్చి, వాటి కొనలను కొట్టి బిగిస్తారు. ఆ పైన రెండు పక్కలా ప్లాస్టిక్ పిడి రేకులను నొక్కి అమరుస్తారు. కాబట్టి పైనున్న వాటిని ఇంట్లోనే మార్చుకోవచ్చు. లోపలి వాటిని మార్చాలంటే రివెట్లు తొలిచి కత్తి మొత్తం విప్పాలి. అది ఫ్యాక్టరీలో చేయాల్సిన పని.

పళ్లపుల్ల, చిన్న పట్టకారు పోతే కొత్తవి విడిగా దొరుకుతాయి. వేసుకోవడానికి అర నిమిషం చాలు. కత్తెర మధ్యలో ఉండే చిన్న స్ప్రింగు కూడా విడిగా వస్తుంది. పిడి రేకు పగిలితే, మూసినప్పుడు 91 మిల్లీమీటర్ల పొడవుండే మోడల్‌కు 91 మిల్లీమీటర్లదే కొని మార్చుకోవచ్చు. బ్లేడు కష్టంగా తెరుచుకుంటోందంటే పదికి తొమ్మిదిసార్లు కారణం లోపలి మట్టి, జేబులోని నూలు పోగులు, ఎండిపోయిన మామిడిపండు రసం. కడిగి నూనె వేస్తే తీరిపోతుంది.

కంపెనీకే వెళ్లాల్సినవి వేరు. వెనక స్ప్రింగు విరగడం, తెరిచిన బ్లేడు అటూ ఇటూ ఊగడం, బ్లేడు విరగడం, లాక్ ఉన్న కత్తిలో ఆ లాక్ పట్టకపోవడం, రివెట్టు వదులవడం. లాక్ జారే కత్తిని మాత్రం ఒక్కరోజు కూడా వాడకండి. వేళ్ల మీద మూసుకుంటుంది.

నాన్న కత్తిలో పెద్ద బ్లేడు తెరిస్తే టక్కుమని నిలబడేది కాదు. మూసేటప్పుడూ ఆ చప్పుడు లేదు. వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే స్ప్రింగుకూ రేకుకూ మధ్య సన్నటి సందు కనిపించింది. ఇక ఇంట్లో అయ్యే పని కాదని అప్పుడు తేలిపోయింది.

రెండో అడుగు: అది అసలు కత్తేనా, ఏ కంపెనీది?

ఎర్ర పిడి మీద తెల్ల శిలువ కనిపించినంత మాత్రాన స్విస్ కత్తి అనుకోవద్దు. నకిలీలు బోలెడు. పెద్ద బ్లేడు తెరిచి, పిడి దగ్గరి మొదట్లో చెక్కిన అక్షరాలను భూతద్దంతో చదవండి. అసలుదైతే కంపెనీ పేరు, స్విస్ తయారీ అన్న మాట స్పష్టంగా, పదునుగా చెక్కి ఉంటాయి. శిలువ డాలు ఆకారంలో ఉంటే విక్టోరినాక్స్, మూలలు గుండ్రంగా ఉన్న చతురస్రంలో ఉంటే వెంగర్. 2005లో విక్టోరినాక్స్ వెంగర్‌ను కొనేసింది కాబట్టి వెంగర్ కత్తి ఉన్నవాళ్లు కూడా ముందుగా విక్టోరినాక్స్‌నే అడగాలి.

విక్టోరినాక్స్‌ను 1884లో కార్ల్ ఎల్సెనర్ స్విట్జర్లాండ్‌లోని ఇబాక్ అనే ఊళ్లో చిన్న కార్ఖానాగా మొదలుపెట్టారు. మనం ఇవాళ జేబులో పెట్టుకునే కత్తికి మూలమైన ఆఫీసర్ల కత్తి డిజైన్‌ను 1897లో నమోదు చేశారు. ఎల్సెనర్ తల్లి విక్టోరియా పేరుకు, తుప్పు పట్టని ఉక్కును సూచించే ఇనాక్స్ అనే మాట తోడై విక్టోరినాక్స్ అయింది. అమ్మ పేరు పెట్టుకున్న కంపెనీ అని చెబితే నాన్నకు ఆ కత్తి మీద ఇంకాస్త ఇష్టం పెరిగింది.

ఇక వారంటీ సంగతి. విక్టోరినాక్స్ తన జేబుకత్తులకు జీవితకాల వారంటీ ఇస్తుంది. అది లోహంలో లోపానికీ తయారీ లోపానికీ వర్తిస్తుంది. మామూలు అరుగుదలకు, తప్పుగా వాడినందుకు వర్తించదు. లైటు, పెన్‌డ్రైవ్ లాంటివి ఉంటే ఆ భాగాలకు 2 ఏళ్లే. లెదర్‌మన్ పనిముట్లకు 25 ఏళ్ల వారంటీ ఉంది. బక్ కంపెనీ తన వారంటీని శాశ్వతం అంటుంది. కానీ బ్లేడుతో పెయింట్ డబ్బా మూత తీయబోయి మొన విరగ్గొడితే ఏ వారంటీ అయినా కాపాడదు. అలాంటప్పుడు డబ్బు కట్టి బాగు చేయించుకోవాలి. పదును తగ్గడం లోపం కాదు, వాడకం.

మూడో అడుగు: ఈలోగా ఏమీ చేయకండి

మా వీధిలోకి సైకిల్ మీద సాన పట్టే ఆయన వస్తాడు. మా అమ్మ వంటింటి కత్తులకు ఆయనే దిక్కు, ఆయన పనితనం మీద నాకు గౌరవం ఉంది. అయినా కంపెనీకి పంపబోయే జేబుకత్తిని ఆయన చేతిలో పెట్టవద్దు. వేగంగా తిరిగే సాన మీద ఇంత సన్నటి బ్లేడు క్షణాల్లో వేడెక్కుతుంది. అంచు నీలి రంగు తిరిగిందంటే అక్కడి ఉక్కు గట్టిదనం పోయినట్టే, ఆ తర్వాత ఎంత నూరినా పదును నిలవదు. పైగా అరిగిన లోహాన్ని ఎవరూ తిరిగి అతికించలేరు. కత్తిని పరీక్షించే మనిషికి ఆ గీతలు చూడగానే అర్థమైపోతుంది.

స్క్రూలున్న కత్తి అయితే విప్పి చూడాలని చేతులు దురద పెడతాయి. విప్పవద్దు. చాలా కంపెనీలు యజమాని విప్పిన కత్తికి వారంటీ ఇవ్వవు. వదులైన చోట ఫెవిక్విక్ వేయడం అన్నిటికన్నా చెడ్డ పని, అది లోపలి స్ప్రింగును కూడా పట్టేస్తుంది.

నాలుగో అడుగు: కంపెనీకి ఉత్తరం

మొత్తం పనిలో అసలు కీలకం ఇదే. వెనక్కి ఏ కత్తి వస్తుందో ఈ ఉత్తరమే తేలుస్తుంది.

ముందుగా కత్తిని పంపకండి. కంపెనీ వెబ్‌సైట్‌లో ఇండియా సర్వీసు పేజీ వెతికి, ఈమెయిల్ రాసి, వాళ్లు చెప్పిన చిరునామాకే పంపండి. ఆఫీసు చిరునామా, సర్వీసు చిరునామా ఒకటే కానక్కర్లేదు. విదేశీ బ్రాండ్ కత్తులకు ఇక్కడి డిస్ట్రిబ్యూటర్ ద్వారానే వెళ్లాల్సిరావచ్చు. కొన్న కొట్టు ఇంకా ఉంటే వాళ్లను కూడా ఒకసారి అడగండి, కొందరు తామే తీసుకుని పంపుతారు. అలా ఇస్తే కత్తి మోడల్, స్థితి రాసిన రసీదు లేకుండా కదలకండి.

ఈమెయిల్ ఇంగ్లిష్‌లో రాయాలి. విషయం మాత్రం ఇలా ఉండాలి. నేను పంపినదాని సారం ఇదీ:

"కత్తి విక్టోరినాక్స్ హంట్స్‌మన్, 91 మిల్లీమీటర్లు, ఎర్ర పిడి. పెద్ద బ్లేడు తెరిచినప్పుడు గట్టిగా నిలబడడం లేదు, పక్కలకు ఊగుతోంది. కింద పడలేదు, విప్పలేదు, బయట ఎక్కడా సాన పట్టించలేదు. కొన్న బిల్లు లేదు, బహుమతిగా వచ్చింది. పిడి మీద మా నాన్న పేరు చెక్కి ఉంది. ఆ పిడి రేకు ఉన్న ఈ కత్తే మాకు తిరిగి కావాలి. పని మొదలుపెట్టే ముందు మూడు విషయాలు చెప్పండి: వారంటీలో అవుతుందా, కాకపోతే ఎంతవుతుంది, బాగుచేయడం కుదరకపోతే ఏం చేస్తారు. కుదరకపోతే కొత్తది వద్దు, ఉన్నది ఉన్నట్టే వెనక్కి పంపండి. మా అనుమతి లేకుండా మార్చవద్దు."

ఇందులో ప్రతి వాక్యానికీ పని ఉంది. "కత్తి పాడైంది" అంటే వాళ్లకు ఏమీ తెలియదు. ఏ బ్లేడు, ఏ దిక్కుకు, ఎప్పుడు అని చెప్పాలి. తప్పు మనదైతే దాచకుండా రాయండి. మొన ఎందుకు విరిగిందో విరిగిన తీరే చెబుతుంది. నిజం రాసినవాళ్లకు సగం ధరకో, నామమాత్రపు ఖర్చుకో పని చేసిపెట్టే అవకాశం ఉంటుంది, దాచి దొరికిపోతే మాట వినే ఓపిక ఎవరికీ ఉండదు. పేరు చెక్కిన రేకు గురించి తప్పకుండా రాయండి. రివెట్లు విప్పాలంటే ముందు పిడి రేకులు ఊడదీయాలి. ఊడదీసిన పాత రేకులు అక్కడ చెత్తలోకి వెళ్లడం మామూలే. తీసేటప్పుడు రేకు పగిలిపోయే ప్రమాదమూ ఉంది. అలా జరిగినా ముక్కలు పంపమని అడిగాను.

మీకు జ్ఞాపకాల బెడద లేదు, పనిచేసే కత్తి ఉంటే చాలనుకుంటే "మార్చి ఇచ్చినా అభ్యంతరం లేదు" అని రాసేయండి. పని త్వరగా అవుతుంది. పాత మోడల్ తయారీ ఆగిపోయి ఉంటే దగ్గరి మోడల్ ఇస్తారు, అది ఏదో ముందే అడగండి.

వాళ్ల జవాబులో సర్వీసు నంబరు ఇస్తే దాన్ని జాగ్రత్తగా రాసిపెట్టుకోండి. ఫోన్‌లో ఏదైనా ఒప్పుకుంటే, "మీరు ఫోన్‌లో ఇలా అన్నారు" అని అదే రోజు ఈమెయిల్ పెట్టండి.

ఐదో అడుగు: కడగడం, ఫొటోలు

మురికి కత్తిని పంపడం మర్యాద కాదు, తనిఖీకీ అడ్డం. గోరువెచ్చటి నీళ్లలో రెండు చుక్కల గిన్నెల సబ్బు వేసి, కత్తిని ముంచి, నీళ్లలోనే ఒక్కో పనిముట్టును పదిసార్లు తెరిచి మూయండి. పాత టూత్‌బ్రష్‌తో సందులు రుద్దండి. బోరు నీళ్లయితే చివరగా ఫిల్టర్ నీళ్లతో కడగండి, లేకపోతే కీళ్లలో తెల్లటి సున్నపు పొర మిగులుతుంది. గుడ్డతో తుడిచి, అన్నీ సగం తెరిచి, ఫ్యాను కింద ఒక రాత్రి ఉంచండి. వానాకాలంలో ఇంకో పూట కూడా ఉంచితే మంచిది.

తర్వాత కీలు దగ్గర ఒక్క చుక్క నూనె. ఇంట్లో చేతికందే కొబ్బరినూనె పనికిరాదు, డిసెంబరు చలికి గడ్డకడుతుంది. నువ్వుల నూనె కొన్నాళ్లకు జిగురవుతుంది. పండ్లు కోసే కత్తి కాబట్టి మెడికల్ షాపులో దొరికే లిక్విడ్ పారాఫిన్ వాడతాను. కుట్టుమిషన్ నూనె తిండి కోయని కత్తులకే మంచిది.

ఇప్పుడు పగటి వెలుతురులో ఫొటోలు తీయండి. మూసి రెండు పక్కలా, అన్నీ తెరిచి రెండు పక్కలా, బ్లేడు మొదట్లోని అక్షరాలు, చెక్కిన పేరు, చెడిన చోటు దగ్గరగా. పక్కన స్కేలు పెట్టండి. ఊగడం లాంటి లోపాన్ని ఫొటో చూపలేదు, పది సెకన్ల వీడియో తీయండి. కత్తి బరువు కూడా తూచి రాసుకోండి. హంట్స్‌మన్ సుమారు 97 గ్రాములు ఉంటుంది. పార్సిల్ దారిలో ఎవరైనా విప్పారన్న అనుమానం వస్తే ఈ లెక్క పనికొస్తుంది.

ఆరో అడుగు: ప్యాకింగ్, పోస్టు

పళ్లపుల్ల, పట్టకారు తీసి ఇంట్లో పెట్టుకోండి. అవి ఎక్కువగా దారిలోనే పోతాయి. తోలు పౌచ్, తాళాల రింగు, తాడు కూడా తీసేయండి. లైటున్న కత్తి అయితే బ్యాటరీ తీసేయండి.

అన్నీ మూసి, కత్తి చుట్టూ రెండు రబ్బరు బ్యాండ్లు వేయండి. బ్లేడు మూసినా నిలవని స్థితిలో ఉంటే, లేదా బ్లేడు మడవడానికి రాని కత్తి అయితే, మందపాటి అట్టను మడిచి తొడుగు చేసి టేపు చుట్టండి, మొన దగ్గర అట్ట రెండు పొరలుండాలి. తర్వాత జిప్ కవర్, బబుల్ ర్యాప్, గట్టి అట్టపెట్టె. కాగితపు కవర్లో పంపవద్దు, అది చినిగి కత్తి జారిపోతుంది. పెట్టె ఊపితే చప్పుడు రాకూడదు. లోపల ఉత్తరం ప్రతి, సర్వీసు నంబరు, మీ పూర్తి చిరునామా, ఫోన్ నంబరు పెట్టండి. పైన చీటీ ఊడిపోయినా లోపలి చీటీ దారి చూపిస్తుంది. పెట్టె మీద కత్తి బ్రాండ్ పేరు పెద్దక్షరాల్లో రాయవద్దు.

చట్టం సంగతి చాలామందికి టెన్షన్. ఆయుధ చట్టం కింద లైసెన్సు గొడవ వచ్చేది 9 అంగుళాలకు మించిన పొడవు, లేదా 2 అంగుళాలకు మించిన వెడల్పు ఉన్న పదునైన ఆయుధాల విషయంలో. ఇంటి పనికి, వ్యవసాయానికి చేసినవి అందులోంచి మినహాయింపు. మూడంగుళాలు దాటని జేబుకత్తికి ఆ భయం లేదు. పోస్టు విషయానికొస్తే, 1898 నాటి పోస్టాఫీసు చట్టంలోనే సరిగా రక్షణ కట్టని పదునైన వస్తువు పంపకూడదని ఉండేది. మంచి ప్యాకింగ్ అవసరం అక్కడే ఉంది. ఇప్పుడు ఆ చట్టం స్థానంలో 2023 చట్టం వచ్చినా కౌంటర్లో చూసేది అదే: బయటికి గుచ్చుకుంటుందా లేదా.

నేను అబిడ్స్ జీపీవో నుంచి స్పీడ్ పోస్టులో పంపాను. పెట్టెకు చివరి టేపు వేయకుండా తీసుకెళ్లండి. కౌంటర్లో ఆయన "లోపల ఏముంది?" అన్నారు. "మడత కత్తి సార్, రిపేరుకు కంపెనీకి పంపుతున్నా" అని మూత తీసి అట్ట తొడుగు, ఈమెయిల్ ప్రింటు చూపించాను. తలూపి తూకం వేశారు. అంతకుముందు మా కాలనీలో ఒక ప్రైవేటు కొరియర్‌వాళ్లు కత్తి అనగానే వద్దన్నారు. అక్కడ "స్టీలు సామాను" అని రాయించి పంపేయమని పక్కనున్న ఒకాయన సలహా ఇచ్చాడు. అలా చేయకండి. వస్తువు పేరు తప్పు రాస్తే పార్సిల్ పోయినప్పుడు అడిగే హక్కు మనకు ఉండదు.

ఇన్సూరెన్స్ తప్పక చేయించండి. అది లేకుండా పార్సిల్ పోతే వచ్చే పరిహారం కత్తి ధరకు ఏ మూలకూ రాదు. రసీదు ఫొటో తీసి ట్రాకింగ్ నంబరును అదే రోజు కంపెనీకి పంపండి. శుక్ర, శనివారాల్లో పంపకుండా వారం మొదట్లో పంపితే ఆదివారం గోడౌన్లో పడి ఉండదు. 2025లో రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కాబట్టి పాత అలవాటుతో రిజిస్టర్డ్ పోస్టు అని అడిగినా స్పీడ్ పోస్టు వైపే పంపిస్తారు.

జీపీవోకు మెట్రోలో వెళ్లాలనుకుంటే ఒకటి గుర్తుంచుకోండి. స్టేషన్లో బ్యాగు స్కానర్లోంచి వెళ్తుంది, కత్తి కనిపిస్తే ఆపి అడుగుతారు. నేను బస్సులో వెళ్లాను.

విదేశానికే పంపాల్సి వస్తే

ఇక్కడ సర్వీసు లేని బ్రాండ్లకు మాత్రమే ఈ బాధ. ఆ దేశంలోకి అలాంటి కత్తి రానిస్తారా అని కంపెనీనే రాతపూర్వకంగా అడగండి. కస్టమ్స్ పత్రంలో "మరమ్మతుకు పంపుతున్న సొంత వస్తువు, తిరిగి వస్తుంది" అని రాసి, ఆ పత్రం ప్రతులు, ఫొటోలు దాచుకోండి. తిరిగి వచ్చేటప్పుడు ఇది పనికొస్తుంది. రిపేరుకు వెళ్లి వచ్చిన వస్తువే అని రుజువు చేయగలిగితే సుంకం వస్తువు మొత్తం ధర మీద కాకుండా రిపేరు ఖర్చు, రానూపోనూ రవాణా, బీమా కలిపిన మొత్తం మీదే లెక్కగడతారు. పత్రాలు లేకపోతే కొత్త కత్తి కొన్నట్టే చూస్తారు. నా మాటగా చెప్పాలంటే, మామూలు ధర ఉన్న కత్తికి ఈ దారి వద్దు. రానూపోనూ ఖర్చే కత్తి ధరను దాటుతుంది. జ్ఞాపకమున్న కత్తికి మాత్రం వెనకాడకండి.

విదేశాలకు వెళ్లే చుట్టాల చేత పంపాలనుకుంటే శంషాబాద్‌లో చేతి సంచిలో పెట్టనివ్వకండి. భద్రతా తనిఖీలో తీసేసుకుంటారు, ఇక తిరిగి రాదు. చెక్-ఇన్ సామానులోనే పెట్టాలి.

చివరి అడుగు: తిరిగి వచ్చాక

పార్సిల్ విప్పేటప్పుడు సీలు నుంచి మొదలుపెట్టి ఆపకుండా వీడియో తీయండి. ముందు పాత ఫొటోలు పక్కన పెట్టుకుని అదే కత్తేనా చూడండి. తర్వాత ఒక్కో పనిముట్టూ మెల్లగా తెరవండి, ఫ్యాక్టరీలో పెట్టిన పదును మీ పాత అలవాటుకు అందదు, వేలు తెగుతుంది. తెరిచిన బ్లేడును రెండు వేళ్లతో పట్టుకుని పక్కలకు కదపండి. వెలుతురుకు పట్టి సందులు చూడండి. మూసినప్పుడు బ్లేడు రేకుకు రాసుకుంటోందా గమనించండి. కొత్త స్ప్రింగు మొదట్లో బిగుతుగానే ఉంటుంది, నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది. దాన్ని లోపం అనుకోవద్దు.

ఏదైనా తేడా ఉంటే వాడకుండా, ఆ రెండు మూడు రోజుల్లోనే ఫొటోలతో రాయండి. డబ్బు కట్టిన పని సరిగా చేయకపోయినా, ఎన్ని ఈమెయిల్స్‌కూ జవాబు లేకపోయినా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. అందుకే ఈమెయిల్స్, రసీదులు ఒకే ఫోల్డర్లో ఉంచమనేది.

నాన్న కత్తి వచ్చినప్పుడు ఆయన ముందు పేరున్న వైపు తిప్పి చూసుకున్నారు, ఆ తర్వాతే బ్లేడు తెరిచారు. టక్కుమంది. నేను లోపలికెళ్లి అగ్గిపెట్టెలో దాచిన పళ్లపుల్ల, పట్టకారు తెచ్చి వాటి చోట్లలో దూర్చాను.